వెనక గోడ లేని ఇల్లు

మిల్వాకీ
సెప్టెంబరు 5, 2014

మార్లిస్ వదినా,

రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ అన్నయ్యే పలికాడు. "ఆర్విడ్, మార్లిస్ ఇద్దరూ పశువుల కొట్టంలో ఉన్నట్టున్నారు, సంగతేమిటో చెప్పి పెట్టెయ్యండి" అని అదే గొంతు, చివర అదే దగ్గు. మార్చిలో మట్టి చేసిన మనిషి అంత తీరిగ్గా మాట్లాడుతుంటే చెప్పాల్సిన సంగతి నాకేమీ గుర్తు రాలేదు. ఆ రికార్డింగు తీసెయ్యమని అడగను. నువ్వు పక్కనే కూర్చుని, కావాలనే ఎత్తకుండా వింటున్నావని నా అనుమానం. అందుకే ఈ ఉత్తరం.

హాలోవీన్, మన దయ్యాల పండగ, దగ్గరికొస్తోంది. ఏటా ఈపాటికి నా కాగితపు దయ్యాల కొంప ఒకటి తయారయ్యేది. జనం దాన్ని నా సైట్లోంచి దింపుకుని, ఇంట్లో మందపాటి కాగితం మీద ప్రింటు తీసుకుని, కత్తిరించి, మడిచి, అంటించి కిటికీలో పెట్టుకుంటారు. అందరికంటే ముందు కట్టి చూసేవాడు అన్నయ్యే కదా. ట్రాక్టరు నడిపే ఆ మొద్దు వేళ్లతో ఎలా మడిచేవాడో గానీ, నా గీత ఎక్కడ తప్పినా పెన్సిలుతో చుట్టి, "ఈ చూరు ఏ చెట్టుకి వేలాడాలి, మేడమ్?" అని రాసి పంపేవాడు. ఈ ఏడు ఏం గియ్యాలో తోచక చాలా రోజులు ఊరికే కూర్చున్నాను. చివరికి చెయ్యి తనంతట తాను మీ ఇల్లే గీసింది. నీకు అభ్యంతరమా? వద్దంటే ఆపేస్తాను. నమూనా ఫోటో జతపరిచాను, తప్పులు చెప్పు.

ఇంకొకటి. మంచు పడేలోపు ఇక్కడికి వచ్చెయ్యి. రెండో గది ఖాళీగానే ఉంది. ఆ కొండ మీద, ఆ ఇంట్లో, ఒక్కదానివే శీతాకాలమంతా ఎలా ఉంటావు?

నీ ఆడపడుచు
సిగ్రిడ్


సెప్టెంబరు 11

సిగ్రిడ్ అమ్మాయ్,

అవును, పక్కనే కూర్చుని వింటున్నాను. మొదటిసారి నువ్వని తెలియలేదు. రెండోసారి నీ ఊపిరి గుర్తుపట్టాను. ఏదైనా చెబుతావేమోనని చూశాను, పెట్టేశావు.

ఇల్లు గీసుకో, నాకేం. దయ్యాల కొంప అనిపించుకోవడానికి ఆ ఇంటికి నువ్వు కొత్తగా చెయ్యాల్సింది కూడా ఏమీ లేదు, రంగు వేసి ఎన్నాళ్లయిందో నీకూ తెలుసు. తప్పులు రాసుకో. పొగగొట్టం కుడికి కాదు, ఎడమకి ఒరుగుతుంది. వరండా కటకటాలు అంత వరసగా ఉండవు, గిత్త గుద్దిన చోట రెండు లేవు. వంటింటి తెర పొట్టిది.

ఇవన్నీ సరే, వెనక గోడ ఏదమ్మా? ఫోటో తిప్పి తిప్పి చూశాను. మూడు గోడలు కట్టి వెళ్లిపోయిన మేస్త్రీకి మా వైపు కూలి ఇవ్వరు. అందులోనూ మనం వచ్చేదీ పోయేదీ వెనక తలుపునే. ముందు తలుపు పాస్టరు గారికీ, శవపేటికకీ తప్ప తియ్యం. మొన్న మార్చిలో తీశాం, మళ్లీ వేసేశాం.

శీతాకాలం సంగతి తర్వాత చూద్దాం అని రాస్తే నువ్వు ఒప్పుకున్నానంటావు. కాబట్టి రానని రాస్తున్నాను.

మార్లిస్


మిల్వాకీ
సెప్టెంబరు 22

వదినా,

పొగగొట్టం ఒరిగింది, కటకటాలు రాలాయి, తెర పొట్టిదయింది. నువ్వు అన్నయ్యకంటే కఠినం.

వెనక గోడ లేకపోవడం మా పనిలో ఒక పద్ధతి. ఇల్లు కిటికీలో పెడతారు, వీధికి ముందు భాగమే కనిపిస్తుంది. వెనక తెరిచి ఉంటే లోపల బ్యాటరీ దీపం పెట్టొచ్చు. కిటికీలకి లోపలి వైపున పసుపు ట్రేసింగ్ కాగితం అంటిస్తాం, వెలుగు దాంట్లోంచి వస్తుంది. ముందు తలుపు ఉత్త గీతే, దాన్ని కోసే పని ఎవరికీ పెట్టను. వెనకే అంతా ఖాళీగా ఉన్నప్పుడు ముందు తలుపు తెరుచుకోవాల్సిన అవసరమేముంది?

మీ ఇల్లు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ముఖం వీధి వైపు, వీపు నా వైపు. అంటే రోజూ నేను మీ పెరట్లో కూర్చుని పని చేసుకుంటున్నట్టే. చీకటి పడుతుండగా దీపం లోపల పెట్టి ఎలా ఉందో చూస్తాను. బాగుంది వదినా, ఎందుకో చెప్పలేను. పదిహేనేళ్లు కాలేజీలో దయ్యాల కథల మీద పాఠాలు చెప్పాను, ఒక్కదాన్నీ నమ్మలేదు. కానీ ఆ దీపం పెట్టగానే మీ వంటింట్లో ఎవరో ఉన్నారనిపిస్తుంది. ఊసుపోక ఒక బల్ల, రెండు కుర్చీలు కూడా కాగితంతో చేసి పెట్టాను. ఎవరికీ కనిపించవు. నాకే.

అక్టోబరు సగానికి సైట్లో పెట్టాలి. ఇప్పటికే అడుగుతున్నారు.

సిగ్రిడ్


అక్టోబరు 3

సిగ్రిడ్,

ఇది నీకు రాయాలా వద్దా అని రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. నవ్వితే నవ్వుకో.

పోయిన వారం ఒక సాయంత్రం గుడ్లు ఏరుకుని కోళ్ల గూటి దగ్గర్నుంచి వస్తుంటే వంటింటి కిటికీలో వెలుగు కనిపించింది. నేను దీపం వెయ్యలేదు. లోపలికొచ్చి చూస్తే స్విచ్ కిందికే ఉంది. వెలుగు మాత్రం ఉంది. బల్బు వెలుగు కాదు, పొయ్యి వెలుగూ కాదు. వెచ్చదనం లేని వెలుగు. నేను చూస్తుండగానే పోయింది, ఎవరో తీసి జేబులో వేసుకున్నట్టు. మర్నాడూ అదే వేళకి వచ్చింది.

వెనక తలుపు గడియ నిలవడం లేదు. రాత్రి వేసి పడుకుంటే పొద్దున్న బార్లా తీసి ఉంటోంది. గాలి అనుకున్నాను. కానీ గాలి కుర్చీలు జరపదు కదా. బల్ల దగ్గరి కుర్చీ పొయ్యి పక్కకి వచ్చింది. ఈడ్చిన గీత లేదు. ఎత్తి పెట్టినట్టు ఉంది, నిటారుగా, మర్యాదగా.

నాకు భయం వెయ్యలేదు. మీ అన్నయ్యకి ఆ పొయ్యి పక్కన కూర్చోవడం ఇష్టమా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసి ఆ మాత్రం గుర్తు లేకపోవడమే కాస్త బాధగా ఉంది.

నిన్నటి నుంచి రెండు పళ్లేలు పెడుతున్నాను. నీకు చెప్పానని ఎవరికీ చెప్పకు.

మీ వదిన


మిల్వాకీ
అక్టోబరు 7

ప్రియమైన వదినా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నవ్వలేదు.

గడియ పాతది. చెక్క తడికి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోతుంది. సాయంత్రం వేళ పడమటి కిటికీలో ఎండ తిరగబడి మోసం చేస్తుంది. ఇవన్నీ నీకు తెలియనివి కావు. ఇంకొకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకు. ఇల్లు వెచ్చబెట్టే కొలిమి గొట్టం చిల్లు పడితే వాసన లేని గ్యాస్ ఇంట్లోకి చేరుతుంది. దాంతో లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి, మనిషి మర్చిపోతాడు. అందుకని వెర్లిన్‌కి ఫోన్ చేసి, ఒకసారి కొలిమి చూసి రమ్మన్నాను. పక్క పొలం వాడు, అన్నయ్యకి స్నేహితుడు, వాడి దగ్గర మొహమాటం దేనికి?

డాక్టరుకి కూడా ఒకసారి చూపించుకుంటావా? నా తృప్తి కోసం. ఆపైన ఇక్కడికి రా. నిన్ను ఆ ఇంట్లోంచి లాగెయ్యాలని కాదు. లాగెయ్యాలనే అనుకో, ఈ ఒక్క శీతాకాలానికి.

కుర్చీ ఏ రోజు జరిగిందో గుర్తుందా? ఊరికే అడుగుతున్నాను.

ఎప్పటిలాగే నీ
సిగ్రిడ్


అక్టోబరు 12

సిగ్రిడ్ గారికి,

మీరు పంపిన వెర్లిన్ వచ్చాడు. చేతిలో గ్యాస్ కనిపెట్టే యంత్రం. కొలిమి చుట్టూ తిప్పాడు, అది కుయ్ అనలేదు. తర్వాత టోపీ తీసి కాఫీ బల్ల దగ్గర కూర్చుని, "మార్లిస్, ఇది ఏ సంవత్సరమో చెప్పు చూద్దాం" అన్నాడు.

"నువ్వు మా నిచ్చెన పట్టుకెళ్లి తిరిగివ్వని సంవత్సరం తర్వాతి సంవత్సరం" అన్నాను.

యాపిల్ కేకు రెండు ముక్కలు తిని పోయాడు. కానీ ఇవాళ చర్చిలో అందరూ నా చెయ్యి పట్టుకుని మాట్లాడారు, పక్షవాతం వచ్చినదాన్ని పలకరించినట్టు. నీ చలవే.

నాకు పిచ్చి పట్టిందో లేదో తేల్చుకోవడానికి ఒక మనిషిని పంపే బదులు నువ్వే రావొచ్చు కదా. నాలుగు గంటల దారి. అన్నయ్య పోయాక ఒక్కసారి కూడా రాలేదు. నేనేమీ అనలేదు, ఇప్పుడూ అనడం లేదు.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను, కుర్చీ జరిగింది సెప్టెంబరు చివరి సోమవారం, చీకటి పడే వేళ. ఇంకా జరుగుతూనే ఉంది. ఈ గురువారం మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. రానీ. వెనక తలుపుకి గడియ వెయ్యడం మానేశాను. పొద్దున్న సింకులో నీళ్లు పల్చగా గడ్డకట్టాయి, కొంచెం దగ్గు పట్టుకుంది, అంతే. ఎవరైనా ఇంటికి వస్తుంటే ఇల్లు వదిలి నీ రెండో గదికి వచ్చి నేనేం చెయ్యాలి? వచ్చినవాళ్లు ఖాళీ వంటింట్లో ఎవర్ని చూసుకోవాలి?

మార్లిస్


మిల్వాకీ
అక్టోబరు 16

వదినా,

నన్ను తిట్టు, పడతాను. రాకపోవడానికి కారణం ఏదో ఉందని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు కాగితం మీద పెడదామంటే ఏదీ నిలబడడం లేదు. అన్నయ్య లేని ఆ వంటింటిని చూడలేననుకున్నాను, అంతే. గీస్తే సరిపోతుందనుకున్నాను.

నీ దగ్గు గురించే ఇప్పుడు నా దిగులంతా. తలుపు వేసుకో. వెయ్యవని తెలుసు కాబట్టి నేనో పని చేశాను. పిల్లచేష్ట అనిపిస్తుంది. నిన్న సాయంత్రం మీ ఇంటికి వెనక గోడ గీశాను. చెక్క పలకలు, మెట్లు, తలుపు, తలుపుకి గట్టి గడియ. మందపాటి కాగితం మీద ప్రింటు తీసి, అంచులకి జిగురు రాసి, నాలుగు వైపులా అంటించేశాను. కాసేపు వేళ్లతో నొక్కి పట్టుకున్నాను కూడా. ఇక మీ ఇల్లు పూర్తిగా కట్టిన ఇల్లు, ఏ మేస్త్రీకైనా కూలి ఇవ్వొచ్చు. కంగారులో దీపం లోపలే ఉండిపోయింది. బ్యాటరీ అయిపోతే అదే ఆరిపోతుంది.

ఎందుకు చేశావని అడగకు. వెచ్చగా పడుకుంటావన్న ఆశ.

సిగ్రిడ్


అక్టోబరు 20

సిగ్రిడ్,

నీ ఉత్తరం ఇంకా అందలేదు. పెట్టె రోడ్డు పక్కన ఉంది, నేను అక్కడికి వెళ్లలేకపోతున్నాను. వెర్లిన్ వస్తే ఇది తలుపు కింది సందులోంచి తోస్తాను.

వెనక తలుపు తెరుచుకోవడం లేదు. బుధవారం రాత్రి నుంచి. గడియ లాగాను, కదలదు. కదలకపోవడం కూడా కాదు, గడియ అక్కడ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ చేతికి దొరకదు. సరే, ముందు తలుపు చూద్దామని వెళ్లాను. అదీ అంతే. పట్టుకోవడానికి అంచు లేదు. ఫోనూ మూగబోయింది. కిటికీలు మీ అన్నయ్య రంగు వేసినప్పుడే అతుక్కుపోయాయి, ఆ సంగతి నాకు తెలుసు. కానీ అద్దాల్లోంచి బయట కనిపించడం కూడా మానేసింది. పొలం లేదు, కొట్టం లేదు. అంతా పసుపు. పగలూ అదే పసుపు.

వంటింట్లో వెలుగు ఆరడం లేదు. పడక గదిలోకి వెళ్లి దుప్పటి ముసుగు పెట్టినా కళ్ల మీదే ఉంటోంది.

రొట్టె ఉంది, చీజ్ ఉంది, గుడ్లున్నాయి, కుళాయిలో నీళ్లొస్తున్నాయి. కోళ్లకి గింజలు వేసేవాళ్లు లేరు, వాటి సంగతి వెర్లిన్‌కి చెప్పాలి. చలి మాత్రం అసలు లేదు. దగ్గు తగ్గింది.

నిన్న కాళ్లు నొప్పెట్టి గోడకి ఆనుకున్నాను. గోడ వంగింది. పడిపోతానని వెనక్కి వచ్చాను. మెల్లగా చెయ్యి పెట్టి నొక్కితే, కొంచెం లోపలికి పోయి మళ్లీ ముందుకొచ్చింది. గట్టిగా తట్టడానికి మనసు రాలేదు.

ఇప్పుడు ఎవరూ రావడం లేదు. కుర్చీ ఎక్కడిది అక్కడే ఉంది.

వెర్లిన్ వచ్చినట్టున్నాడు. గొంతు చాలా దూరం నుంచి వినిపిస్తోంది. గడ్డపార తెస్తానంటున్నాడు. తేనీ.

మా


మిల్వాకీ
అక్టోబరు 24

వదినా,

నీ ఉత్తరం నిన్న పొద్దున్న అందింది. నిలబడే చదివాను. కట్టర్ తీసుకుని వెనక గోడ కోశాను. కోశానంటే, పీకలేదు. పీకితే నీకేమవుతుందో తెలియదు కదా. అంటిన అంచు వెంట బ్లేడు పెట్టి, ఊపిరి బిగబట్టి, మెల్లగా. గోడ విడిపోయి నా చేతిలోకి వచ్చింది. లోపల దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని తీశాను. నిన్ను తాకుతానేమోనని గోళ్ల కొసలతో పట్టి లాగాను.

వెంటనే వెర్లిన్‌కి ఫోన్ చేశాను. మూడు రోజులుగా గడ్డపార ఆనించే చోటే దొరకలేదట, నిన్నా వెతుకుతుండగానే తలుపు దానంతట అదే తెరుచుకుందన్నాడు. "ఆవిడ వాకిట్లో నిలబడి చలి పీలుస్తోంది, వేడి కాఫీ తాగేవాళ్లలాగా" అన్నాడు. బయలుదేరతానంటే, నువ్వు రాసేదాకా రావద్దని చెప్పమన్నావట. అందుకే ఆగాను.

చెప్పాల్సింది ఒకటుంది. నీ అక్టోబరు మొదటి ఉత్తరంలో కుర్చీ అని చదవగానే నా బల్ల వైపు చూశాను. కాగితపు కుర్చీ నిలవక పడిపోతుంటే, పట్టకారుతో ఎత్తి పొయ్యి పక్కన ఆనించింది నేనే. ఆ సోమవారమే. గురువారం మళ్లీ బల్ల దగ్గర పెట్టిందీ నేనే. కావాలనే పెట్టాను, ఏమవుతుందో చూద్దామని. నువ్వు చూసిన వెలుగు నేను పెట్టిన దీపం. తెరిచి ఉన్న తలుపు నేను కట్టని గోడ. అన్నీ తెలిసి గ్యాస్ అన్నాను, డాక్టరన్నాను, వెర్లిన్‌ని నీ మీదికి పంపాను. నాకు తెలిసింది నిజం కాకూడదని ముందు నీకు పిచ్చి అంటగట్టాను.

ఇంతకంటే కష్టమైన మాట ఒకటి. మీ ఇంటికి వచ్చింది అన్నయ్య కాదు వదినా. నేను. నువ్వు రెండో పళ్లెం పెట్టింది నాకు. ఆ తలుపు తీసి పెట్టి చలిలో పడుకున్నది నా చేతి కోసం. ఈ మాట చెబితే నీ దగ్గర ఏమీ మిగలదని భయపడ్డాను, చెప్పకపోతే నువ్వు ఆ చలిలో మిగలవని భయం. ధైర్యమున్న మనిషైతే చెప్పడమో, వచ్చెయ్యడమో ఏదో ఒకటి చేసేది. నేను గోడ కట్టాను.

సైట్లో ఇల్లు పెట్టలేదు, పెట్టను. అడిగినవాళ్లకి పాత కాగితపు గుమ్మడికాయ నమూనా పంపాను. కానీ నా బల్ల మీదున్న దీన్ని ఏం చెయ్యాలి? పండగవగానే జనం వాటిని నలిపి చెత్తలో వేస్తారు, లేదా మంటలో వేస్తారు. నేను దాన్ని కదపడానికి కూడా భయపడుతున్నాను. కిటికీ తీస్తే గాలి వస్తుందని కిటికీ తియ్యడం లేదు. పక్కన కాఫీ కూడా పెట్టుకోవడం లేదు.

నువ్వు ఏం చెబితే అది చేస్తాను.

సిగ్రిడ్


నవంబరు 1

సిగ్రిడ్ అమ్మాయ్,

కోపం పోయేదాకా రాయకూడదనుకున్నాను. ఇంకా పూర్తిగా పోలేదు, రాస్తున్నాను.

తలుపు తెరుచుకున్నప్పుడు చలి లోపలికొచ్చింది. చలి అంటే అంత సంతోషం నా జన్మలో పడలేదు. కొట్టం ఉంది, పొలం ఉంది, వెర్లిన్ గడ్డపార పట్టుకుని నోరు తెరుచుకుని ఉన్నాడు. నువ్వు గోడ కట్టినందుకు నా కోపం కాదు. ఇంట్లో మనిషి ఉందని తెలిసి కూడా తలుపు తట్టకుండా కట్టావు.

ఇక నువ్వు అంత బాధపడి చెప్పిన మాట. మూడు రోజులు నేనూ మీ అన్నయ్యే అనుకున్నాను. దాచడం దేనికి, ఆ మూడు రోజులూ పాటలు కూడా పాడుకున్నాను. తర్వాత తెలిసిపోయింది. మీ అన్నయ్య జీవితంలో ఒక్క వస్తువైనా తీసిన చోట పెట్టాడా? వచ్చే మనిషి కుర్చీ జరిపేది, కాసేపాగి మళ్లీ అదే చోట పెట్టేది, సరిగ్గా పెట్టానా లేదా అని ఇంకొంచెం జరిపేది. మన ఇంటా వంటా అంత అనుమానం ఇంకెవరికుంది? పైగా వంటింట్లో జిగురు వాసన.

నువ్వని నాకు తెలుసు. రెండో పళ్లెం నీకనే తెలిసి పెట్టాను. ఆయన అని రాశానంటావా, నువ్వని రాస్తే భయపడి చెయ్యి వెనక్కి లాక్కుంటావని. ఏడు నెలలకి ఒక మనిషి నా వంటింట్లోకి వచ్చింది, అది ఏ దారిన వచ్చిందో ఆరా తీసి నేనేం బాగుపడాలి?

నిన్న హాలోవీన్ కదా, పిల్లలు వేషాలేసుకుని చాక్లెట్లకి వచ్చారు. వెర్లిన్ మనవలు ట్రక్కు వెనకాల కూర్చుని, ఒకడు అస్థిపంజరం, ఒకత్తి ఆవు. వెనక తలుపు దగ్గరికే వచ్చారు. చాక్లెట్లు పోస్తుంటే ఆవు వేషం పిల్ల నా భుజం మీదుగా లోపలికి చూసి, "బల్ల దగ్గర ఎవరు?" అంది. ఎవరూ లేరన్నాను. "ఉన్నారుగా" అని చాక్లెట్లు తీసుకుని వెళ్లిపోయింది. నువ్వు దీపం తీసేసి వారమైంది కదా సిగ్రిడ్? ఇంట్లో వెలుగు ఇప్పటికీ సాయంత్రానికి వస్తోంది. నీది పసుపు. ఇది కాదు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. ఇన్నాళ్లూ నువ్వు నా ఇంటి వెనక కూర్చున్నావు. నీ ఇంటి వెనక ఎవరు కూర్చున్నారో ఎప్పుడైనా చూసుకున్నావా?

నేను అక్కడికి రాను. నువ్వే రా. శీతాకాలం ఇక్కడ గడుపు. దాన్ని నలపకు, కాల్చకు, మడిచి పెట్టెలో పెట్టకు. కారులో పక్క సీటు మీద పెట్టి, బెల్టు కట్టి, మెల్లగా నడుపుకుంటూ తీసుకురా. వచ్చాక వంటింటి బల్ల మీద పెడదాం. దుప్పట్లు బోలెడున్నాయి, వెనక తలుపు తీసే ఉంచుతాను. మనిద్దరం తలుపుకి వీపు పెట్టి కూర్చుని భోంచేద్దాం. వెనక అడుగుల చప్పుడు వినిపించినా, మన కుర్చీలు ఎవరో ఎత్తి జరిపినా, చూస్తే భయపడి చెయ్యి వెనక్కి లాక్కుంటారు, నువ్వు మాత్రం తల తిప్పకు.

మార్లిస్ వదిన